హట్ పుస్తకంలో రెండు పేర్లు

జనవరి 19, ఆదివారం

వంటింటి గోడ మీది పటం మారింది. నేను నీలం పెన్నుతో గీసిన దారి కాదిది. అదే పటం, అదే సైజు, కానీ కాగితం కొత్తది. మూలన నా టీ కప్పు మరక ఉండాలి, లేదు. మొరీన్‌ని అడిగితే పాతది చిరిగిపోయిందని, లైబ్రరీలో ఇంకోటి తీయించానని చెప్పింది. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడ ఒక్క కాగితం చించడం నేను చూడలేదు. రొట్టె చుట్టి వచ్చిన కాగితాన్ని కూడా మడతపెట్టి సొరుగులో దాచే మనిషి.

మార్చి పదహారుకి మా పెళ్ళై నలభై ఏళ్లు. పది రోజుల ప్రయాణం, ప్లాను మొత్తం నాది. ఇక్కడ హోకిటికాలో బయల్దేరి దక్షిణానికి, మొదట కొండెక్కేవాళ్ళు తలదాచుకునే కెరిగన్ హట్, అక్కడ రెండు రాత్రులు. పెళ్ళైన వారానికి ఆ కొండ మీద ఆ నాలుగు మంచాల గదిలోనే ఉన్నాం. కిటికీ తెరిస్తే మంచునది మొత్తం కనపడేది. అక్కణ్ణుంచి ఫాక్స్, హాస్ట్, వానకా, లిండిస్ కనుమ, ఆవోరాకి శిఖరం కింద రెండు రోజులు, అక్కడి మెట్లదారి ఎక్కడం, తిరిగి ఆర్థర్స్ కనుమ మీదుగా ఇంటికి. దారంతా బండి నేనే తోలతాను.

కొత్త పటంలో కెరిగన్ దగ్గర రెండు రాత్రులు మూడయ్యాయి. ఆవోరాకి మెట్లదారి పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. ఆ ప్రశ్నార్థకం మొరీన్ చేతిది కాదు. దానికి ఒక తోక ఉంది, పక్కింటి రావిరి పెట్టే తోక. ముప్ఫై ఏళ్లు వాడూ నేనూ కొండదారుల్లో పొదలు నరికి బాగుచేసే పనిలో ఉన్నాం. వాడి రాత నాకు తెలియదా?

మా పెళ్ళిరోజు ప్రయాణం పటం మీద రావిరి చెయ్యి ఎందుకు పడిందో కనుక్కోవాలి. అందుకే ఇది రాసుకుంటున్నాను. పాత పనివాళ్ల నోటుబుక్కు ఇది, వెనక సగం ఖాళీ. షెడ్‌లో గరుకు కాగితం కట్ట కింద ఉంటుంది. అక్కడికి ఎవరూ రారు.

జనవరి 23

నేను గదిలోకి వచ్చేసరికి మొరీన్ ఫోను పెట్టేసింది. ఎవరని అడగలేదు. కిటికీలోంచి చూస్తే పక్కింట్లో రావిరి కూడా అప్పుడే ఫోను పెట్టేస్తున్నాడు.

గేటు స్తంభానికి కారు ఎడమ వైపు గీరుకుంది. రావిరి తన ట్రైలరు అడ్డంగా పెట్టాడు. పెట్టలేదంటాడు.

జనవరి 26

కంటి డాక్టరు దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం. మొదటిది ఎక్కడ పెట్టానో ఇదీ అక్కడే పెట్టాను, నోటుబుక్కు పక్కన. నీటికాసులట. ఎడమ కన్ను దాదాపు పోయిందట, కుడిది అంచుల నుంచి మొదలైందట, మళ్ళీ పరీక్ష చేసేదాకా బండి తోలకూడదట. ఆ డాక్టరమ్మ వయసు నా బూట్ల వయసంత ఉండదు. గోడ మీద చుక్కలు వెలిగించి, కనపడితే బటన్ నొక్కమంది. చుక్కలు కనపడకపోతే మనిషికి కళ్ళు లేనట్టా? మా పనిలో ఏ చుక్కలూ లేవు. కొండలున్నాయి, అవి నాకు బాగానే కనపడుతున్నాయి.

మొరీన్‌కి చెప్పలేదు. చెబితే ప్రయాణం పోతుంది. పోయినేడు చెట్లు కోసే రంపం ఇక పట్టుకోవద్దని అన్నందుకే నేను మూడు వారాలు మాట్లాడలేదు. మళ్ళీ అదంతా ఎందుకు?

కళ్ళు బాగానే ఉన్నాయి.

ఫిబ్రవరి 1

మొరీన్ కోటు జేబులో పెన్సిలు కోసం వెతికితే చీటీ దొరికింది.

మొ – హాస్ట్ దాకా. రా – వానకా దాకా. మొ – లిండిస్. రా – ఆవోరాకి.

మూడుసార్లు చదివాను. చీటీ వెనక కూడా చూశాను. నా పేరు ఎక్కడా లేదు. నా దారి, నా ఊళ్లు, నా కనుమలు, అన్నీ ఉన్నాయి. నేను ఒక్కణ్ణే లేను. అంటే ఈ పది రోజులూ వాళ్ళిద్దరూ వెళ్తున్నారన్నమాట. ఇంటి దగ్గర కుక్కని చూసుకోవడానికి నేను ఉంటాను కాబోలు.

చీటీ ఎలా మడిచి ఉందో అలాగే పెట్టేశాను.

ఫిబ్రవరి 3

చీరమేను చేపల ఆఖరి పొట్లం ఫ్రిజ్‌లో లేదు. వేట మళ్ళీ సెప్టెంబరు దాకా లేదు. నా పుట్టినరోజుకు అట్టు వేస్తానని దాచిన పొట్లం అది. రావిరికి ఇచ్చిందట. ఎందుకమ్మా అంటే, ‘పాపం, ఒంటరి మనిషి కదా’ అంది. వాడి భార్య పోయి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా లేని ఒంటరితనం ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చింది?

ఫిబ్రవరి 8, శనివారం

నిన్న పొద్దున్న మొరీన్ గ్రేమౌత్‌లో చెల్లెలు కోలీన్ దగ్గరికి వెళ్తున్నానని, రాత్రి అక్కడే ఉంటానని కారు తీసుకెళ్లింది. పోతూ పోతూ నా నుదుటి మీద ముద్దు కూడా పెట్టింది.

నేను ముందే మీటరు చూసి రాసుకున్నాను. గ్రేమౌత్ వెళ్ళి వస్తే ఎనభై కిలోమీటర్లు. ఈ సాయంత్రం చూస్తే రెండువందల తొంభై ఆరు తిరిగింది. అంత దూరం పోవాలంటే దక్షిణానికి పోవాలి, మంచునదుల వైపు.

కుంటుతోంది. ఎడమ కాలు పిక్క మీద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ. కోలీన్ ఇంటి మెట్ల మీద జారానంది. కోలీన్ ఇంటికి మెట్లు లేవు.

రావిరి కూడా రెండు రోజులు లేడు. వాడి కుక్క నిన్నంతా మొరిగింది. చూడలేక నేనే వెళ్ళి తిండి పెట్టాను. నా పెళ్ళాన్ని తీసుకుపోయినవాడి కుక్కని నేను మేపుతున్నాను, బాగుంది.

ఫిబ్రవరి 9

మొరీన్ బూట్లు కడిగి వసారాలో ఆరబెట్టింది. పైపైన కడిగింది. బూటు నాలుక కింద వేలు పెట్టి చూస్తే బూడిదరంగు ఒండ్రు, పిండిలా మెత్తగా ఉంది. మంచు కొండని అరగదీస్తే వచ్చే పిండి అది. ముప్ఫై ఏళ్లు నా గోళ్ళ కింద ఉన్న పిండి. అందులో చిన్నచిన్న మెరుపులు కూడా ఉన్నాయి. ఆ మెరుపు రాయి కెరిగన్ వాగులో తప్ప ఇంకెక్కడా నేను చూడలేదు.

కెరిగన్. మా హట్.

టీ ఒలికి టేబుల్ మీద పడింది. ఎవరో కప్పు జరిపారు.

ఫిబ్రవరి 15

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ కోలీన్ పేరే. వెళ్ళింది పద్నాలుగున. ప్రేమికుల రోజట, లైబ్రరీ కిటికీ నిండా ఎర్ర కాగితం గుండెలు అంటించారు, నాకు తెలియదనుకున్నారా? మీటరు రెండువందల తొంభై ఎనిమిది. ఈసారి కుంటడం లేదు. హుషారుగా ఉంది. వంట చేస్తూ పాట కూడా పాడింది.

కోటు జేబులో నల్ల రుమాలు దొరికింది. వెనక ముడి వేసి ఉంది, తలకు కట్టుకుని తీసినట్టు. మొరీన్ తల వెంట్రుక ఒకటి ముడిలో ఇరుక్కుని ఉంది. అరవై రెండేళ్ల మనిషి, కొండ మీద, పరాయి మగాడితో కళ్ళగంతలాట. నాకు నవ్వు రావాలి. రాలేదు. షెడ్‌లోకి వచ్చి కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, రాస్తున్నాను కాబట్టి అబద్ధం ఎందుకు.

ఫిబ్రవరి 16

కోలీన్‌కి ఫోను చేశాను, జామ్ సీసాలు ఖాళీవి ఉన్నాయా అనే నెపంతో. మాటల్లో మొరీన్ ఎలా ఉందని ఆవిడే అడిగింది. క్రిస్మస్ తర్వాత చూడలేదంది.

ఫిబ్రవరి 17

గరుకు కాగితం కట్ట తలకిందులుగా ఉంది. గరుకు వైపు పైకి. నేను ఎప్పుడూ అలా పెట్టను.

ఫిబ్రవరి 20

కంచె దగ్గర రావిరి పలకరించాడు. ఏదో నాన్చుతున్నాడని వాడు టోపీ తీసినప్పుడే తెలిసింది. వాన గురించి మాట్లాడాడు, కుక్క గురించి మాట్లాడాడు, ఆఖరికి బయటపడ్డాడు.

‘ఒరే డెస్, మీ ప్రయాణానికి నేను కూడా వస్తే ఎలా ఉంటుందంటావ్? అంత దూరం కదా, స్టీరింగ్ మీద ఇంకో చెయ్యి ఉంటే మంచిది.’

‘మా పెళ్ళిరోజుకి నువ్వెందుకురా?’

‘పెళ్ళికి వచ్చాను కదా.’

‘అప్పుడు కూడా ఎవరూ పిలవలేదు. నీ చెయ్యి నీ స్టీరింగ్ మీద ఉంచుకో.’

నవ్వాడు. కానీ నవ్వేముందు మా వంటింటి కిటికీ వైపు చూశాడు. అక్కడ మొరీన్ నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది, వద్దు అన్నట్టు. నాకు అదంతా కనపడింది. కళ్ళు కనపడవంటారే, ఇది ఎలా కనపడింది మరి?

ఫిబ్రవరి 22

అడగను. అడిగితే మెట్లున్న కోలీన్ ఇల్లు ఇంకోటి కడుతుంది. కెరిగన్ వెళ్ళి హట్ పుస్తకం చూస్తే సరిపోతుంది. ఈ దేశంలో దొంగ అయినా కొండ హట్‌లో పడుకుంటే పుస్తకంలో పేరు రాసే పడుకుంటాడు. ఎవరు, ఎందరు, ఎక్కణ్ణుంచి, ఎక్కడికి. రేపు తప్పిపోతే వెతికేవాళ్ళకు అదే ఆధారం. మొరీన్‌కి అది నేర్పింది నేను. రావిరికి నేర్పింది కూడా నేనే. ఏ తప్పు చేసినా రాయకుండా ఉండలేరు.

సోమవారం మొరీన్‌కి లైబ్రరీలో పని, నడిచే వెళ్తుంది. కారు ఇంట్లోనే.

ఫిబ్రవరి 24, సోమవారం, కెరిగన్ హట్, మూడున్నర

చేపలకు సరస్సు దగ్గరికి వెళ్తున్నా, సాయంత్రానికి వస్తా అని చీటీ రాసి పెట్టి, మొరీన్ లేవకముందే వచ్చాను. మా పనిలో భాగంగా బడులకు వెళ్ళి పిల్లలకు ఇరవై ఏళ్లు పాఠం చెప్పాను, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో నిజం చెప్పి వెళ్ళండని. వెంట నోటుబుక్కు తెచ్చాను. షెడ్ మీద నాకు నమ్మకం పోయింది.

దారిలో మూడో వంతెన మీద ఎడమ అద్దం పోయింది. ఒక్క బండే పట్టే వంతెన, మరీ ఇరుకు చేశారు. ఆగలేదు.

నాలుగు గంటల దారి నాకు ఆరున్నర పట్టింది. వెలుతురు బాగాలేదు. రెండో వాగులో పడ్డాను. అడుగు పెట్టినప్పుడు అక్కడ రాయి లేదు, పడ్డాక ఉంది. కుడి మణికట్టు వాచింది, అందుకే రాత ఇలా ఉంది. లేచి తల పూర్తిగా ఎడమకు తిప్పి చూస్తే, ఎప్పటిలా తాళ్ల వరస, ఎర్ర గుర్తు, అన్నీ ఉన్నాయి. వాగు దాటేవాళ్ళు పట్టుకోవడానికి నేనే కట్టిన తాళ్లు. వాటిని పట్టుకోకుండా, పక్కన నీళ్లలోంచి నడిచి వచ్చాను.

హట్‌లో ఎవరూ లేరు. మంచునది కిటికీలో లేదు. వెనక్కి, చాలా పైకి పోయింది. కింద బూడిద రాళ్లు. మొరీన్‌కి ఇది చూపిస్తానని నేను ఏడాదిగా అంటున్నాను.

పుస్తకం తెరిచాను. నా పేరు రాయలేదు. గూఢచారి సంతకం పెడతాడా? వెనక పేజీలు తిప్పాను. మొరీన్ రాత. ఉన్నదున్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను.

‘ఫిబ్రవరి 7. మొరీన్ కీనన్, రావిరి. ఇద్దరం. కారు దగ్గర్నుంచి వచ్చాం, రేపు అక్కడికే. దారి గురించి: ఎడమ కన్నుకు రుమాలు కట్టుకుని నడిచాను. రాయి ఎంత లోతులో ఉందో తెలియడం లేదు. రెండో వాగులో పడ్డాను. ఆరున్నర గంటలు. మా ఆయన్ని ఇక్కడికి తీసుకురావడం నా వల్ల కాదేమో.’

కింద రావిరి, తోక ఉన్న రాతతో: ‘అవుతుంది. మళ్ళీ వద్దాం.’

‘ఫిబ్రవరి 14. మేమిద్దరమే. మళ్ళీ రుమాలుతో. రావిరి ముందు నడిచాడు, వాడి అడుగులో నా అడుగు. వాగు దగ్గర ఎడమ పక్క నిలబడ్డాడు. ఐదు గంటలు, పడలేదు. కుదురుతుంది. రావిరి ముందు, నేను ఎడమ పక్క, మధ్యలో డెస్.

డెస్, ఏ హట్‌కి వచ్చినా వెనక పేజీలు తిప్పందే నువ్వు పడుకోవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరాలు చూశాను. ఇంట్లో చెబితే మూడు వారాలు మాట్లాడవు. ఇక్కడ చెబితే మాట్లాడక ఎక్కడికి పోతావు? బండి మేమిద్దరం తోలతాం. నువ్వు దారి చెప్పు, ఎలాగూ చెబుతూనే ఉంటావు. అరవకు, హట్ చిన్నది.’

నేను అరవలేదు. బెంచీ మీద కూర్చున్నాను. పిక్క మీది ఆ నల్ల మచ్చ గురించే ఆలోచించాను. నేను మీటరు చూస్తున్నప్పుడు ఆవిడ కన్ను మూసుకుని వాగులో నడుస్తోంది. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ల నమ్మకాన్ని ఒక పెన్సిలు తోక చూసి పారేసుకున్నాను.

ఐదు గంటలు

వాయవ్య గాలి మొదలైంది. వాన పడుతోంది. వాగు చప్పుడు మారింది, లోపల రాళ్లు దొర్లుతున్నాయి. ఇప్పుడు దిగితే చీకటి పడకముందే కారు చేరాలని మనసు లాగుతోంది. ఈ వాగులో అలా దిగినవాళ్ళను ఇద్దరిని రావిరీ నేనూ బయటికి తీశాం. ఇద్దరూ దారి తమకు తెలుసనుకున్నవాళ్ళే.

నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు. మొరీన్ సరస్సు దగ్గర వెతుకుతుంది.

పుస్తకం మళ్ళీ తీశాను. మణికట్టు సలుపుతుంటే ఎడమ చేత్తో రాశాను.

‘ఫిబ్రవరి 24. డెస్ కీనన్. ఒక్కణ్ణి. ఎక్కడికి: ఎక్కడికీ కాదు, మా వాళ్ళు వచ్చేదాకా ఇక్కడే. కారణం: రెండో వాగు పొంగింది. నాకు ఎడమ పక్క కనపడదు.’

ఆఖరి మాట కొట్టేద్దామా అనుకున్నాను. కొట్టేయలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

పది గంటలకు వాన వెలిసింది. పదకొండున్నరకు వాగు అవతల రావిరి ఎర్ర కోటు కనపడింది, వెనక మొరీన్. నీళ్లు తగ్గేదాకా వాళ్ళు అటు, నేను ఇటు కూర్చున్నాం. ఆ చప్పుడులో మాటలు వినపడవు. మొరీన్ నడుం మీద చేతులు పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది. ఆ మాత్రం నాకు బాగానే కనపడింది.

గాలం షెడ్‌లో మేకుకే ఉందట, వసారాలో నా కొండ బూట్లు లేవట. సాయంత్రం పోలీసులకు చెప్పారు. మబ్బులో హెలికాప్టరు ఎగరదన్నారు. రావిరి దక్షిణానికి బండి తిప్పితే మూడో వంతెన మీద అద్దం ముక్కలు కనపడ్డాయట. కారు చూసి, అక్కడే బండిలో పడుకుని తెల్లారాక ఎక్కారు.

హట్‌లోకి రాగానే మొరీన్ నన్ను తిట్టలేదు, ముట్టుకోలేదు. ‘పుస్తకంలో రాశావా?’ అని అడిగింది.

రాశానన్నాను. తడి కోటుతోనే వెళ్ళి తెరిచి చదివింది. రెండుసార్లు చదివిందని వెనకనుంచి తెలిసింది. కాసేపటికి వచ్చి నా ఎడమ పక్క కూర్చుంది. కూర్చున్న సంగతి భుజం తగిలాకే తెలిసింది నాకు.

‘ఆ మాట చెరిపెయ్, ఒక్కణ్ణి అని రాశావు’ అంది.

‘నిన్న ఒక్కణ్ణే. హట్ పుస్తకంలో అబద్ధం రాయకూడదు.’

‘చేపల చీటీలో రాయొచ్చా?’

నువ్వు రావిరితో వెళ్ళిపోతున్నావనుకున్నాను మొరీన్, అన్నాను. ఆవిడకంటే ముందు రావిరికి దగ్గు వచ్చింది, తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. ‘ఒరే, ఆవిడతో రెండు రాత్రులు ఈ గదిలో పడుకున్నాను. గురక నీకు అలవాటు, నాకు కాదు. నాకెందుకురా ఈ శిక్ష?’ అన్నాడు. మొరీన్ చేతి తొడుగు విసిరింది. అప్పుడు ఏడ్చింది, కొద్దిగానే, నా చొక్కాకి తుడుచుకుంది.

తర్వాత అరచెయ్యి చాపింది, ఏమీ అడగకుండా. జేబులోంచి కారు తాళం తీసి అందులో పెట్టాను. పదహారేళ్ల వయసు నుంచి ఏదో ఒక తాళం నా జేబులో ఉంది. జేబు తేలిగ్గా అయింది, అది నాకు నచ్చలేదు.

మార్చి 10, సోమవారం, కెరిగన్ హట్

బయల్దేరాం. మొరీన్ తోలింది. వంతెనల దగ్గర మరీ నెమ్మది. చెప్పాను. చెబితే రేడియో గట్టిగా పెట్టింది.

ఐదుంపావు గంటల్లో ఎక్కాం. రావిరి ముందు. రెండో వాగు దగ్గర మొరీన్ నా ఎడమ చెయ్యి పట్టుకుంది, నేను తాడు పట్టుకున్నాను. పడలేదు. మొరీన్‌ని కిటికీ దగ్గర నిలబెట్టి, మంచు ఎక్కడిదాకా ఉండేదో, ఇప్పుడెక్కడ ఉందో వేలు పెట్టి చూపించాను. తనే నా తల పట్టుకుని ఇంకొంచెం తిప్పింది. ఎడమ చివర ఇంకో ముక్క ఉంది, నీలంగా. నేను చూడనే లేదు దాన్ని.

ఆవోరాకి మెట్లదారి పక్కన ప్రశ్నార్థకం ఇంకా అలాగే ఉంది. వచ్చే వారం తేల్చుకుంటాం. రావిరి, మొరీన్ బయట ఏదో గుసగుసలాడుతున్నారు. నా పుట్టినరోజు పన్నెండున. రావిరి ఐసు డబ్బా రోజంతా నన్ను ముట్టుకోనివ్వలేదు, చీరమేను వాసన వస్తోంది. కనుక్కోను.

పుస్తకం ఈసారి నేనే రాశాను. డెస్ కీనన్, మొరీన్ కీనన్, రావిరి. ముగ్గురం. దారి గురించి రాసే చోట ఇలా రాశాను: ఎడమ పక్క మొరీన్ ఉంది, దారి బాగుంది.